తేజకు తోడు

గుంటూరు మిర్చి యార్డు వెనక వీధిలో గుల్జార్ బేగాన్ని ఎరగనివాళ్లు లేరు. ఏళ్ల తరబడి మిరపకాయల తొడిమలు తీసి బతుకుతున్న మనిషి, మొగుడు పోయాక కూడా ఎవరి పంచనా చేరని మనిషి. నోరు కాస్త పెద్దదే. ఆ నోరు లేకపోతే ఆ వీధిలో నెగ్గుకొచ్చేదా? అలాంటి మనిషిని అరచేయంత పిల్లికూన ముప్పుతిప్పలు పెట్టిందంటే ఎవరు నమ్ముతారు!

వీధికుక్కల నోట్లోంచి లాక్కొచ్చిన కూన గనక దాన్ని గడప దాటనిచ్చేది కాదు. మిరపలో ఘాటైన రకం పేరే పెట్టి తేజ అని పిలుచుకుంది. పేరుకు తగ్గట్టే, తను యార్డుకు పనికి పోయింది మొదలు అది పగలల్లా ఒకటే ఏడుపు. మధ్యగోడ పైన జానెడు సందు. గోడకవతల ఇంటి యజమాని బుల్లయ్య, పత్తి జిన్నింగు మిల్లులో రాత్రంతా కాపలా కాసి పగలు పడుకుంటాడు. నిద్ర లేక ఆయన కళ్లు చింతనిప్పులయ్యాయి.

"చూడు బేగం, నెలాఖరుదాకా ఆగుతా. ఈలోగా ఆ ఏడుపన్నా ఆగాలి, ఆ పిల్లి అన్నా పోవాలి. రెండూ కాదంటే గది ఖాళీ చెయ్" అన్నాడు.

తమ్ముడు సిలార్ పొన్నూరులో రైస్ మిల్లు పనివాడు. "నెలాఖరుకి వస్తాలే అక్కా, సంచిలో వేసివ్వు. మా మిల్లులో ఎలుకలు బోలెడు, రాణిలా బతుకుద్ది" అన్నాడు ఫోన్లో. లారీలు తిరిగే చోట ఆ పసిప్రాణం ఏం బతుకుతుంది? గుల్జార్‌కు ముద్ద దిగలేదు.

ఆకలేమో అనుకుని పాలు పెంచింది. తాగి మరీ ఏడ్చింది. ఒళ్లో వేసుకుందామంటే చేతులనిండా మిరప మంట. ఒకసారి ఉండబట్టలేక నిమిరితే, పాపం, కళ్లెర్రబడి మూలకు పారిపోయింది. ఆ పూట గుల్జార్ తనను తానే తిట్టిపోసుకుంది. అప్పటినుంచి కొబ్బరినూనె రాసి, సబ్బుతో కడిగి, మంట పోతేగాని దాన్ని ముట్టుకునేది కాదు. అంతలో నిద్రవేళ అయ్యేది.

ఇలా ఉండగా ఓనాడు తోటి ఆడవాళ్లంతా సింగరాయకొండలో పెళ్లికి పోయారు. మిరప రాశి ముందు తనొక్కతే కూర్చుంది. రోజూ కబుర్లలో పడి పొద్దు గుంకిందే తెలియదు, ఆ రోజు మాత్రం పొద్దు కదిలితేనా! ఘాటు కూడా రెట్టింపైనట్టుంది. తుమ్మితే ఎగతాళి చేసేవాళ్లయినా లేరు. మధ్యాహ్నానికి ఏడుపే వచ్చింది. "ఓసి నా పిచ్చి మొహమా, దాని బాధా ఇదే కదే" అని పైకే అనేసింది.

సాయంత్రం యార్డు షెడ్డులో తల్లి వదిలేసిన బూడిదరంగు కూనను కొంగులో మూటగట్టుకొచ్చింది. నెమ్మదైనది గనక, ఘాటు తక్కువ రకం పేరు చూసి బ్యాడిగి అని పెట్టింది.

వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. "ఒకదానికే ఇల్లు పోయేట్టుంటే రెండోదాన్ని తెచ్చావా పిన్నీ? రెండూ కలిసి ఏడిస్తే?" అంది ఎదురింటి సమీరా. గుల్జార్‌కూ లోపల బితుకుబితుకుగానే ఉంది.

తేజ కొత్తదాన్ని చూసి వీపు వంచి బుస కొట్టింది. కొత్తది మంచం కింద దూరి కీచుమంది. బుల్లయ్య అవతల గోడ దబదబా బాదాడు. గుల్జార్ ప్రాణం ఉసూరుమంది. అయినా పట్టు వదల్లేదు. కొత్తదాన్ని స్నానాలగదిలో ఉంచి, ఒకదాని వాసన ఒకదానికి అలవాటు కావాలని ఒకే చీరముక్కతో రెండింటినీ తుడిచింది. తలుపుకు అటొక గిన్నె, ఇటొక గిన్నె పెట్టి మేపింది. కొన్నాళ్లకు తలుపు కింది సందులో పంజాలాట మొదలైంది. అప్పుడు తలుపు తీసింది.

నెలాఖరున సిలార్ సంచితో దిగాడు. వెనకే బుల్లయ్య వచ్చాడు.

"మంచి పని చేశావమ్మా. నాలుగు రోజులుగా హాయిగా నిద్రపోతున్నా. ఎప్పుడిచ్చేశావ్ పిల్లిని?"

గుల్జార్ తలుపు బార్లా తీసింది. మంచం మీద తేజా బ్యాడిగీ ఒకదాని మెడ మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. ఏ తోక దేనిదో చెప్పడం కష్టం.

"రెండా?" అన్నాడు బుల్లయ్య. "మరి చప్పుడే లేదే?"

"ఒక్కటే ఉన్నప్పుడండీ ఆ చప్పుడంతా" అంది గుల్జార్.

బుల్లయ్య తల గోక్కున్నాడు. "సర్లే, ఉండనీ" అని గొంతు తగ్గించి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు. గుల్జార్ ఆనందం పట్టలేకపోయింది. తమ్ముడి చేతిలోని సంచి లాక్కుని, మడిచి అతని చంకలోనే పెట్టింది.

"మీ ఎలుకల్ని మీరే పట్టుకోండిరా" అంది. ఆ మాట వీధి చివరిదాకా వినబడింది.