రిపోర్టు రాకముందు

ఆమె కడుపుతో ఉందని తెలిసిన రోజు ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

అత్తగారు చేతిలో ఉన్న ట్రే కింద పెట్టింది. వేళ్ళకంటిన పిండి గుడ్డకు తుడుచుకుంది. "ఎలాగే?" అని అడిగింది.

పెళ్ళయిన ఆరేళ్ళకు కోడలు నెల తప్పితే అడగాల్సిన మాటేనా అది?

ఇల్లు బేకరీ వెనకాలే. ముందు గదిలో కౌంటరు, నడిమి గదిలో ఓవెను, పిండి పిసికే బల్ల. ఆ వెనక గదుల్లో రెండు కాపురాలు, అత్తగారు. పెద్దకొడుకు కౌంటరు చూసేవాడు. చిన్నకొడుకుది ఓవెను. చిన్నప్పుడు బుగ్గలు ఉబ్బుగా ఉండేవని వీధి వీధంతా అతన్ని బన్ను అనేది. మీసాలొచ్చినా ఆ పేరు వదల్లేదు. అతని భార్య పిండి ముద్దలు కోసేది, బ్రెడ్లు కాగితాల్లో చుట్టేది, వెనక గుమ్మం దగ్గర నిలబడి మైదా మూటలు దింపించుకునేది.

పిల్లలు కలగని మొదటి నాలుగేళ్ళూ తప్పంతా ఆమెదే. అలాగని ఎవరూ నోరు తెరిచి అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు. రక్తపరీక్షలు ఆమెకు, స్కానింగులు ఆమెకు, గొట్టాలు మూసుకుపోయాయేమోనని రంగుమందు ఎక్కించి తీసే ఎక్స్‌రే ఆమెకు. ఆ ఎక్స్‌రే తీయించుకున్న పూట కడుపు పట్టుకుని బస్సులో నిలబడి వచ్చింది. వచ్చి, బల్ల ముందు మళ్ళీ నిలబడింది. అన్నీ సవ్యంగా ఉన్నాయని తేలిన ప్రతిసారీ అత్తగారు నిట్టూర్చేది, ఏదో ఒక లోపం దొరికితే బాగుండునన్నట్టు. కొడుక్కి కూడా పరీక్ష చేయిద్దామని ఒక్కరికైనా తోచిందా? మైదా మూటను ఒంటిచేత్తో భుజానికెత్తుకునే మనిషికి పరీక్షేమిటి!

తర్వాత కోవిడ్ వచ్చింది. వీధిలో షట్టర్లన్నీ దిగాయి. బేకరీది మాత్రం సగం తెరిచే ఉంది. ఒకరోజు ఓవెనులోంచి నల్లటి పొగ వస్తుంటే బన్ను దాని పక్కనే నిలబడి తీరిగ్గా ట్రేలు తుడుస్తున్నాడు.

"ఏరా, ముక్కు మంచం మీద పెట్టి వచ్చావా? మాడి చస్తోంది!" అని అన్న కౌంటరు దగ్గర్నుంచి అరిచాడు.

"ఏం మాడింది?" అన్నాడు బన్ను.

అలా తెలిసింది, అతనికి వాసన పోయిందని. ఆ వెంటనే జ్వరం. చెయ్యి వేస్తే కాలేంత. రెండు వారాలు వెనక గదిలో పడి ఉన్నాడు. లేచేసరికి బుగ్గలు పోయాయి, పేరు మిగిలింది.

లేచిన నెలకు ఆమె అతన్ని డాక్టరమ్మ దగ్గరకు తీసుకువెళ్ళింది. "ఈసారి మీ ఆయన్ను తీసుకురామ్మా, ఒక్కదానివే ఎన్నిసార్లు తిరుగుతావు?" అని ఆవిడ అంతకుముందే అని ఉంది. పరీక్ష చేశారు. వీర్యకణాలు బాగా తక్కువగా ఉన్నాయి. ఉన్నవాటిలోనూ కదలిక సరిగా లేదు.

"కంగారు పడకండి," అంది డాక్టరమ్మ. "ఈ కణాలు తయారు కావడానికి రెండున్నర, మూడు నెలలు పడుతుంది. మీకు జ్వరం కాసిన రోజుల్లో తయారైనవే ఇప్పుడు చూస్తున్నాం. కోవిడ్ తర్వాత కొంతమందికి ఇలా తగ్గుతోంది. వాళ్ళలో ఎక్కువమందికి మళ్ళీ పుంజుకుంటోంది. అందరికీ అని చెప్పలేను. మూడు నెలలాగి మళ్ళీ రండి. ఈ ఒక్క కాగితం చూసి ఏమీ అనుకోవద్దు."

ఆమె ఆ మాటలన్నీ విన్నది. బన్ను 'తక్కువ' అన్నచోటే ఆగిపోయాడు. బేకరీలో ఈస్టును చూసే పద్ధతి ఒకటుంది. గోరువెచ్చని నీళ్ళలో కాస్త పంచదార, కాస్త ఈస్టు వేసి పక్కన పెడతారు. నురగ పొంగితే ప్రాణముంది. పొంగకపోతే పొట్లమంతా చెత్తబుట్టలోకే. రేపు మళ్ళీ చూద్దామని ఎవరూ దాచరు. చిన్నతనం నుంచీ ఆ పని చేసినవాడు తన ఒంటికీ అదే తీర్పు చెప్పేసుకున్నాడు.

ఇంటికొచ్చి తల్లి దగ్గర కూలబడి, "నాకు పిల్లలు పుట్టరటమ్మా," అన్నాడు.

"మూడు నెలలాగి రమ్మన్నారు అత్తయ్యా," అంది ఆమె.

ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు.

ఆ రోజు నుంచి ఇల్లంతా బన్నును పువ్వుల్లో పెట్టి చూసుకుంది. అతని ముందు గొంతులు తగ్గాయి. తోటికోడలు తన రెండోవాణ్ణి తెచ్చి ఆమె ఒళ్ళో కూర్చోబెట్టి, "వీడు మీవాడే అనుకో" అంది. నాలుగేళ్ళు ఆమెను సూదులతో పొడిపించినవాళ్ళలో ఒక్కరైనా వచ్చి, "పాపం, అప్పుడు నిన్ను అనవసరంగా తిప్పామమ్మా" అన్నారా? ఆ ఇంట్లో ఉన్న జాలంతా అతని ఒక్కడికే సరిపోయింది.

మూడు నెలలయ్యాక, "ఏమండీ, వెళ్దామా?" అని అడిగింది.

"ఆ మాట ఇంకోసారి వినమంటావా?" అన్నాడు.

ఆ తర్వాతా అడిగింది. ఓవెను తలుపు ధడాలున పడ్డ చప్పుడే జవాబు. ఇక అడగడం మానేసింది. ఏడాదిన్నర గడిచాక, ఎవరూ ఎదురుచూడనప్పుడు, నెల తప్పింది.

అప్పుడు అడిగింది అత్తగారు, "ఎలాగే?" అని.

ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు ఎర్రబడ్డాయి.

"అందరికీ ఎలాగో నాకూ అలాగే అత్తయ్యా."

"వాడికి పుట్టరని డాక్టరే చెప్పిందిగా..."

"డాక్టరు మళ్ళీ రమ్మంది. మీరే వినలేదు."

బావగారు కౌంటరు వదిలి లోపలికొచ్చాడు. "మేమేమీ అనడం లేదమ్మా. కాగితం అబద్ధం చెప్తుందా అని, అంతే," అన్నాడు. ఏమీ అనడం లేదట!

ఆమె బన్ను వైపు చూసింది. అతను ఓవెనులోకి చూస్తున్నాడు. లోపల ఏమీ లేదు. ట్రేలన్నీ బయటే ఉన్నాయి.

అనుమానానికి ఒక మనిషి కావాలి. మైదా మూటలు తెచ్చే వ్యాను డ్రైవరు దొరికాడు. నోరు ఊరుకోని మనిషి. వెనక గుమ్మం ముందు బండి ఆపి, "అక్కా, ముందు మూటల్ని దించనా, నన్ను నేను దించుకోనా? నడుం పోయింది!" అని కేకేసేవాడు. "నిన్ను దించితే ఒక్క బ్రెడ్డు కూడా రాదు, మూటలే దించు" అనేది ఆమె. అక్కా అన్న పిలుపు తప్ప అతనికి మరో పిలుపు తెలియదు. ఆ నవ్వుల్ని ఇప్పుడు ఒక్కొక్కటే వెతికి ఏరుకున్నారు. బావగారు పిండిమిల్లు యజమానికి ఫోన్ చేసి, "ఆ అబ్బాయికి ఆడవాళ్ళతో మాట్లాడే తీరు తెలీదు" అన్నాడు. యజమాని ఇంకేమీ అడక్కుండా అతన్ని పనిలోంచే తీసేశాడు. కొత్త డ్రైవరు వచ్చి చెబితేగాని ఆమెకు తెలియలేదు.

ఆమె నిలదీస్తే బావగారే దారి చూపించాడు. "గొడవెందుకు? వీడు మళ్ళీ పరీక్ష చేయించుకుంటాడు. బాగుందని వస్తే అందరం నోళ్ళు మూసుకుంటాం."

బన్ను తలూపాడు. గదిలోకొచ్చి, "రేపే వెళ్తాను. నీకోసమే," అన్నాడు.

"నాకోసమా? మీకోసం వెళ్ళమని బతిమాలితే కదల్లేదు. ఇప్పుడు నా కడుపులో బిడ్డ ఎవరిదో కనుక్కోవడానికి కాళ్ళొచ్చాయా? అయినా బాగుందని వస్తే మాత్రం, బిడ్డ మీదేనని కింద రాసిస్తారా?"

"అలా కాదే..."

"వెళ్ళండి, వద్దనను. కానీ రిపోర్టు రాకముందు ఒక్క మాట చెప్పండి. నన్ను మీరు నమ్ముతున్నారా లేదా? అది వచ్చాక మీరేం చెప్పినా కాగితం చెప్పినట్టే. నాకు మీ మాట కావాలి."

బన్ను మొహం తిప్పుకుని దుప్పటి దులిపాడు.

"రేపు తెలిసిపోతుందిగా," అన్నాడు.

మర్నాడు సాయంత్రం కాగితం ఊపుకుంటూ పరుగున వచ్చాడు. కణాలు పుంజుకున్నాయి. మామూలుగా ఉండాల్సినన్ని ఉన్నాయి. జ్వరం చేసిన నష్టం ఎప్పుడో మెల్లగా పూడిపోయింది. అడిగి ఉంటే అప్పుడే తెలిసేది.

అత్తగారి మొహం వెలిగిపోయింది. "నేననుకుంటూనే ఉన్నాను! నా కోడలు బంగారం!" అంది. "డాక్టర్లదేముందమ్మా, పూటకో మాట," అన్నాడు బావగారు. నిన్నటి మనుషులు వీళ్ళేనా? సిగ్గు కూడా పడకుండా కేకు కోశారు.

ఆమె కేకు ముట్టలేదు. కాగితమూ ముట్టలేదు.

"బావగారూ, మిల్లుకు ఫోన్ చెయ్యండి. ఆ అబ్బాయి ఏ తప్పూ చెయ్యలేదని చెప్పండి."

"ఇప్పుడెలా చెప్తామమ్మా? మరి అప్పుడెందుకన్నావని అడిగితే? ఇంటి పరువేం కావాలి?"

"నా పరువు తీసిన రోజున ఇంటి పరువు ఏ గదిలో పడుకుంది?"

ఆమె ఏప్రాన్ విప్పి మేకుకు తగిలించింది. "ఆ అబ్బాయి మూటలు తెచ్చేదాకా ఈ బల్ల ముట్టను," అని వెనక గదిలోకి వెళ్ళిపోయింది.

ముద్దలు వంకరటింకరగా వచ్చాయి. "ఏమిటండీ, మీ బ్రెడ్లు కుంటుతున్నాయి?" అని కొనేవాళ్ళు నవ్వారు. బావగారు ఫోన్ తీయలేదు. చివరికి బన్నే మిల్లుకు వెళ్ళాడు. మూటలు మోసేవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. వాళ్ళ ముందే యజమానితో అన్నాడు: "మీ డ్రైవరు తప్పేమీ లేదు. నాకు పిల్లలు పుట్టరని నేనే ఇంట్లో చెప్పాను. డాక్టరు అలా అనలేదు. నా భార్యను నేను నమ్మలేదు." ఒకడు కిసుక్కున నవ్వాడు. బన్ను కదలకుండా నిలబడి, ఆ అబ్బాయిని మళ్ళీ పనిలోకి తీసుకుంటామనిపించుకున్నాకే బయటికొచ్చాడు.

ఇంటికొచ్చి ఆమెకు చెప్పాడు.

"నమ్ముతున్నానని ఆ రోజు నన్ను చూసి అనాల్సింది," అంది ఆమె.

తర్వాతి వారం వ్యాను వెనక గుమ్మం ముందు ఆగింది. కేక వినిపించలేదు. డ్రైవరు దిగి, బండి పక్కనే దూరంగా నిలబడ్డాడు.

"ఎక్కడ దించమంటారు మేడమ్?" అన్నాడు, మూటల వైపు చూస్తూ.

ఎక్స్‌రే బల్ల మీద ఏడవని మనిషికి ఆ మాటతో కళ్ళు మండాయి. లోపల అత్తగారూ బావగారూ చెవులు రిక్కించి ఉన్నారని ఆమెకు తెలుసు. గొంతు తగ్గించలేదు, పెంచింది.

"ముందు అక్కా అని పిలువు. మూటలు తర్వాత దించుదువుగాని."

అతను ఆమె భుజం మీదుగా లోపలికి ఒకసారి చూశాడు.

"అక్కా," అన్నాడు, మెల్లగా.

"వినపడలేదు," అంది ఆమె.