బొట్టు కింద నొప్పి

ధర్మవరంలో మా ఇంట్లో పట్టుచీరలు నేసేది నాయన. నిలువు పోగుల కొత్త పడుగు మగ్గానికి ఎక్కించినప్పుడల్లా పాత పోగు కొసకు కొత్త పోగు కలిపి, బూడిద అద్దుకున్న వేళ్లతో మెలిపెట్టి అతికేది అమ్మ. ఒకటీ రెండూ కాదు, వేల పోగులు. తలవెంట్రుక కంటే సన్నం. ఆ పనిలో అమ్మకు వీధిలో పేరుండేది. ఆ పేరంటే ఆమెకు ఒంటిమీది బంగారం కంటే ఎక్కువ.

నేను డిగ్రీ చదివే రోజుల్లో, తొంభైల చివర, ఆమెకు తలనొప్పి పట్టుకుంది. కాసేపు పోగులు అతికితే చాలు, కనుబొమల నడుమ మొదలై నడినెత్తికి ఎక్కేది. కండ్ల డాక్టరు అద్దాలిచ్చాడు. పోగు బాగా కనబడింది గానీ నొప్పి పోలేదు. శొంఠి పట్టు వేశాం, తలకు గుడ్డ బిగించాం. ఒకరోజు సగం అతికిన పడుగు ముందు కూర్చుని, "ఇంక నాతో కాదు" అని ఏడ్చేసింది. అమ్మ ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. నాకు చాలా భయమేసింది.

హిందూపురంలో ఒకాయన చైనా సూదుల వైద్యం చేస్తాడని పెనుకొండ చుట్టాలు చెప్పారు. నేనూ అమ్మా బయలుదేరితే, నాయన తల్లి, మా అవ్వ, ఎవరూ రమ్మనకుండానే చీర మార్చుకుని తయారైంది. రైలంటే ఆమెకు అంత మోజు.

డాక్టరు నాలుక చూశాడు. మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి నాడి చూశాడు. చైనావాళ్ల లెక్కలో కంటికీ కాలేయానికీ చుట్టరికమనీ, కండ్లు అలిస్తే అక్కడా బరువు పడుతుందనీ చెప్పాడు. అవ్వ నా చెవిలో, "కన్ను నొస్తాందంటే కార్జం అంటాడేందే? మనం గానీ మాంసమంగడికి వచ్చినామా?" అంది. నవ్వు ఆపుకోలేక చచ్చాను.

బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒక సూది, పాదం మీద ఒకటి పెట్టాడు. అమ్మ ఓర్చుకుంది. తర్వాతది కనుబొమల నడుమ అంటూ, తడి దూదితో బొట్టు తుడవబోయాడు. అమ్మ తల వెనక్కి లాగేసుకుంది.

"బొట్టు జోలికి రావద్దప్పా. పక్కన యాడన్నా పెట్టు."

"నొప్పి పుట్టేది ఆడనే కదమ్మా."

"మా ఇంటాయన ఆడ మగ్గం ముందర కూర్చోనుండాడు. ఈడ నేను బొట్టు తుడుపుకుంటే ఎట్ల?"

నాకు ఒళ్లు మండిపోయింది. మూఢనమ్మకమనీ, ఇంతదూరం వచ్చింది ఇందుకేనా అనీ అరిచాను. అమ్మ తల ఇంకా వెనక్కి వంచింది. బలవంతం లేదని డాక్టరు చేయి దించేశాడు. ఇక మేము లేచి రావడమే తరువాయి.

అప్పుడు అవ్వ ముందుకొచ్చి అమ్మ గడ్డం పట్టుకుంది. తాత పోయినప్పటినుంచి అవ్వ నుదురు ఖాళీ. కుంకుమ భరిణె వైపు చేయి కూడా చాపేది కాదు.

"ఏం మే, నేనెప్పుడన్నా తుడుపుకుంటినా? రూపాయి బిళ్లంత పెట్టుకుంటి. అయినా మీ మామ పోలేదా? ఉన్న బొట్టు ఆయప్పను ఆపలేదు, తుడిపితే నా కొడుకు పోతాడా? నేను చెప్తాండా, పోడు."

డాక్టరు చేతిలోని దూది తీసుకుని తానే తుడిచింది. అమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. సూది దిగింది. "నొస్తాందా?" అని అవ్వ అడిగితే, "లేదత్తా" అంది, కళ్లనుంచి నీళ్లు కారుతుండగానే. ఆ క్షణాన అవ్వ కాళ్లకు మొక్కాలనిపించింది నాకు.

ఇంకొన్నిసార్లు వెళ్లాక నొప్పి చాలావరకు తగ్గింది. ఇక సూదులు అక్కర్లేదన్నాడు డాక్టరు. పని నడుమ లేచి దూరంగా చూడమనీ, తల బరువెక్కినప్పుడు ఆ చోటనే బొటనవేలితో నొక్కుకోమనీ నేర్పాడు. ఇంటికొచ్చాక అమ్మ చుట్టూ నొక్కుకునేది గానీ బొట్టు మీద వేలు పడనిచ్చేది కాదు. అవ్వ దగ్గర తలవంచింది గానీ, తన చేత్తో తాను చెరుపుకోవడం ఆమెకు చేతకాలేదు.

సంగతి అవ్వ నాయనకు చెప్పింది. ఆయన మగ్గం గుంతలోంచి లేచొచ్చాడు. పంచె కొస నీళ్లలో తడిపి అమ్మ బొట్టు తుడిచాడు.

"నేను బతికే ఉండా కదా, చూసుకో. తలెత్తు."

బొటనవేలితో నొక్కాడు. "ఈడనేనా?" "కొంచెం పైన." కాసేపటికి తానే కుంకుమ దిద్ది వెళ్లిపోయాడు. అమ్మ మళ్లీ పోగు అందుకుంది.

ఆ పడుగునే కాదు, తర్వాత చాలా ఏళ్లు అమ్మ ఎన్నో పడుగులు అతికింది. నొప్పి పూర్తిగా పోలేదు, అప్పుడప్పుడు వచ్చేది. అమ్మ నోరు తెరిచి చెప్పేది కాదు. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టేది, అంతే. నాయన మగ్గం చప్పుడు ఆగిపోయేది.