సర్ అంటే తల

2023 చలికాలం. పైకప్పు లేని డబుల్ డెక్కర్ టూరిస్టు బస్సును పాతబస్తీ వీధుల్లో తిప్పాలా వద్దా అని తేల్చే రోజు. సిటీ బస్సుల్లో పద్దెనిమిదేళ్లు కండక్టరుగా చేసిన నన్ను ఆ బస్సు పై అంతస్తులో స్పాటర్‌గా వేశారు. స్పాటర్ అంటే, కొమ్మో తీగో తలలకు తగిలేలా కనిపిస్తే ప్రయాణికులను హెచ్చరించి, కింద ఉన్న డ్రైవరుకు బెల్లు కొట్టే మనిషి. ఒక బెల్లుకు బండి ఆగాలి, రెండు బెల్లులకు కదలాలి.

మాది చార్మినార్ దాటాక ఫలక్‌నుమా దారిలో ఉన్న జహనుమా. టూరిస్టు బండ్లు చార్మినార్ దాకా వచ్చి, ఫొటోలు దిగి వెనక్కి తిరిగిపోవడమే చిన్నప్పటి నుంచి చూశాను. ఆ పైన మేము లేనట్టే. ఈసారి రూటు ఫలక్‌నుమా దాకా అనగానే నాకు కాలు నిలవలేదు. ట్రయల్ రన్‌కు ముందు వారం రోజులు డ్యూటీ దిగాక ఆ దారంతా నడిచాను. ఎక్కడ ఏ కేబుల్ వేలాడుతోందో నోట్‌బుక్కులో రాసుకుని, కేబుల్ వాళ్లను బతిమాలి కొన్ని పైకి కట్టించాను.

ట్రయల్‌కు వచ్చిన అధికారి గోదావరి జిల్లా మనిషి, నగరానికి కొత్త. ఆయన సంతకం లేనిదే రూటు లేదు. ఎక్కీ ఎక్కగానే పెదవి విరిచారు.

"ఈ సందుల్లో ఇంత బండి ఎందుకమ్మా? టాంక్‌బండ్ వైపు తిప్పుకుంటే సరిపోదూ?"

"ఒక్కసారి తిరిగి చూడుండ్రి సార్. గటెన్క మీ ఇష్టం," అన్నాను.

శాలిబండ దాటాక, ముందురోజు లేని సీరియల్ బల్బుల తీగ రోడ్డుకు అడ్డంగా కనిపించింది. ఎవరింట్లోనో పెళ్లి. బెల్లు కొట్టి, అలవాటు కొద్దీ "సర్! సర్ సంభాలో!" అని అరిచాను. ఉర్దూలో సర్ అంటే తల, సంభాలో అంటే జాగ్రత్త. మా బస్తీలో ఆ మాట వింటే ఎవరి మెడైనా దానంతటదే వంగుతుంది. నా ముందు సీట్లో ఉన్న అధికారి మాత్రం తననే పిలిచాననుకుని, "ఏంటమ్మా?" అంటూ లేచి, తీగకు వీపు పెట్టి నా వైపు తిరిగారు.

డ్రైవర్ ఖాదర్ భాయ్ బ్రేకు తొక్కాడు. నేను ఆయన చొక్కా పట్టి కిందికి లాగాను. బండి ఆగేసరికి తీగ మా తలల మీద జానెడు ఎత్తున ఊగుతోంది. అధికారి చొక్కా పట్టుకున్నాను, ఇక రూటు పోయినట్టే అనుకున్నాను.

"నన్ను పిలిచావు కదమ్మా?" అన్నారాయన తేరుకుని.

"మిమ్మల్ని కాద్సార్. మీ తలకాయను పిలిచిన."

అర్థం చెప్పాక నవ్వారు. వెంటనే మొహం గంభీరంగా పెట్టి, "ఈ తీగ ముందే ఎందుకు తీయించలేదు?" అని అడిగారు. నోట్‌బుక్ చేతికిచ్చాను. "నిన్నటిదాంక ఉన్నయన్నీ ఇందుల ఉన్నయి సార్. ఇది రాత్రి కట్టిండ్రు." ఆయన ఒక్కో పేజీ తిప్పుతూ ఉండిపోయారు.

ఈలోగా పక్క బాల్కనీలోంచి ఒక పెద్దావిడ బట్టలారేసే కర్రతో తీగను ఎత్తిపట్టింది. "జావో బేటీ, జావో," అంటూ ముందుకు పొమ్మంది. రెండు బెల్లులు కొట్టాను. బండి ఆమె బాల్కనీ ఎదురుకు వచ్చినప్పుడు అధికారి చేతులెత్తి నమస్కారం పెట్టారు.

కొన్నాళ్లకు కాగితం వచ్చింది. ఫలక్‌నుమా దాకా అనుమతి, ఒక షరతు మీద. ఏ వారానికా వారం దారంతా కాలినడకన చూసిన స్పాటర్ పైన లేకుండా బస్సు కదలరాదు.

"అక్కా, నీ నడకను రూల్ చేసిండ్రు," అన్నాడు ఖాదర్ భాయ్. ఉద్యోగంలో అంత గర్వం నాకు ఇంకెప్పుడూ కలగలేదు.

పిలిచిన మాట వినేవాళ్లకు అర్థమవ్వాలని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు "తల! సర్! హెడ్!" అని మూడూ అరుస్తాను. ఊరిని పైనుంచి చూపించేవాళ్లకు అది నేల మీద తెలిసి ఉండాలని కూడా తెలిసింది. అందుకే కొత్తగా చేరినవాళ్ల చేతికి వెంటనే బెల్లు ఇవ్వను. మొదటి వారం ఫలక్‌నుమా దాకా నా వెంట నడిపిస్తాను.