యాదయ్య గారి పదకొండు ఊళ్లు

1966లో అబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం పైన మేడగదిలో టైపు పని చేసేవాణ్ణి. బెజవాడ నుంచి వచ్చి పదేళ్లయింది. ఎక్కువగా ఉద్యోగాల బయోడేటాలే వచ్చేవి. అంటే ఎవరు ఎక్కడ, ఎన్నేళ్లు పనిచేశారో చెప్పే కాగితం. నా చేతిలో పడితే అది అందంగా తయారవుతుందని నాంపల్లి దాకా పేరుండేది. ఆ పేరు నా తలకెక్కింది.

ఒక మధ్యాహ్నం యాదయ్య గారని ఒక ఫుట్‌బాల్ కోచ్ వచ్చారు. యాభై దాటిన మనిషి. మోకాలు పట్టేసి మెట్లు ఒక్కొక్కటే ఎక్కారు. ఒక కాలేజీలో కోచ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందట. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు, నోటితో చెబుతుంటే నేను రాసుకున్నాను. ఖరగ్‌పూర్, కోలార్, గౌహతి, నాగపూర్... పదిహేడేళ్లలో పదకొండు ఊళ్లు.

"ఇన్ని ఊళ్లు ఎందుకు మారారండీ?" అన్నాను.

"ఓడిపోయే టీములే నన్ను పిలిచేటియి సారూ. గెలుసుడు నేర్పినంక పెద్ద కోచ్‌ను తెచ్చుకునేటోళ్లు. ఈ కొలువు దొరికితే ఇగ తిరుగుడు బంద్. మా ఇంటామెకు దమ్ము బీమారి, ఈడనే దవాఖానల సూపిస్తున్న."

ఇన్ని ఊళ్లు చూస్తే నిలకడ లేని మనిషి అనుకుంటారని నాకు తోచింది. ఆయన్ని అడగలేదు. ఏడు ఊళ్లు తీసేసి, మిగిలిన నాలుగింటికీ ఏళ్లు సర్దేశాను. పేజీ ముచ్చటగా వచ్చింది.

"జర సదివి చెప్పున్రి సారూ" అన్నారు.

"అంతా మీరు చెప్పిందేనండీ" అన్నాను. నమ్మి సంతకం పెట్టారు.

వారానికి మళ్లీ వచ్చారు, ఆ కాగితం కాపీ పట్టుకుని. "గౌహతి ఏడ పోయింది సారూ?"

ఇంటర్వ్యూలో పదకొండు ఊళ్లూ వరసగా చెప్పారట. కాగితంలో నాలుగే ఉన్నాయి. అబద్ధాలు చెప్పి ఉద్యోగం అడుగుతావా అని పంపేశారట.

"ఇంకెవర్ని తీస్కోలేదట. రేపటి దాక టైముంది. మీరొచ్చి టైప్‌ల ఊళ్లు తీసేసింది నేనేనని ఒక్క మాట చెప్పున్రి. నేను ఝూటా మనిషిని కాదని తెలుస్తది."

నాకు భయమేసింది. నలుగురికీ తెలిస్తే నా దగ్గరికి ఎవరొస్తారు? "అర్జెంటు పనుందండీ, రేపు చూద్దాం" అన్నాను.

మర్నాడు మెట్ల మీద ఆ అడుగులు విని మెషీన్ ఆపేశాను. లేచి చప్పుడు కాకుండా గడియ పెట్టాను. రెండుసార్లు తలుపు తట్టారు. "సారూ" అన్నారు. కాసేపు నిలబడి, ఒక్కొక్క మెట్టే దిగిపోయారు. ఆయన్ని మళ్లీ చూడలేదు.

ఆ తరువాత ఏ కాగితమైనా తెలుగులో చదివి వినిపించకుండా సంతకం పెట్టనివ్వలేదు. ఎంత జాగ్రత్త మనిషో అని మెచ్చుకున్నవాళ్లున్నారు. విన్నప్పుడల్లా సిగ్గుతో తలవంచుకున్నాను. ఆ కాలేజీ మొజంజాహీ మార్కెట్ దాటితే పావుగంట నడక. పదకొండు ఊళ్లు తిరిగిన మనిషి కోసం నేను ఆ పావుగంట నడవలేదు.