మా మేనత్త వాకిట్లోకి క్రేన్ వచ్చిన రోజు

సిరిసిల్లలో మా మేనత్త ఇల్లున్న సందులోకి ఆటో వస్తే తిరగడానికి చోటుండదు, వచ్చిన దారినే వెనక్కి పోవాలి. అలాంటి సందులోకి క్రేన్ వస్తోందని అత్త ఫోన్‌లో చెబితే నమ్మలేదు. జగిత్యాలలో నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి మరీ బస్సెక్కాను.

మామ జీవితమంతా సాంచాల మీదే గడిచింది. మరమగ్గాలను మావాళ్ళు సాంచాలంటారు. వాన నీళ్ళు రాకుండా వాకిలి వెనక షెడ్డును ఛాతీ ఎత్తు అరుగు మీద కట్టుకున్నాడు. పాత సాంచాలను విడగొట్టి, మనుషుల భుజాల మీద పైకి చేర్చారు. అప్పుడే ఒక ఇనుప ముక్క జారి మామ కాలి వేళ్ళు నలిగాయి. ఇప్పుడు కొన్న కొత్త మగ్గం విడగొట్టడానికి వీలైనది కాదు. పైపుల మీద దొర్లించి వాకిట్లోకైతే తెచ్చారు గానీ, మనుషులతో పైకి ఎత్తించడానికి మామ ఒప్పుకోలేదు.

క్రేన్‌ను సందు మొదట్లో లారీ మీంచి దించారు. బీరువాను పడుకోబెట్టినట్టుంది. కింద రబ్బరు పట్టాలు. నడిపే మనిషి దాని మీద కూర్చోలేదు. మెడలో రిమోట్ వేసుకుని ముందు నడుస్తుంటే, అది ఇంటికి మళ్ళిన ఎద్దులా వెంట వచ్చింది. గేటులోంచి దూరినప్పుడు రెండు వైపులా అరచెయ్యి పట్టేంత సందే మిగిలింది.

అతనిది కోరుట్ల. గల్ఫ్‌లో పెద్ద మేడలకు అద్దాలు ఎక్కించేచోట ఇదే పని చేసి వచ్చాడట. నేను ఊరుకోలేకపోయాను.

“ఇంత చిన్నది గంత బరువు లేపితె ఒరిగిపోదా తమ్మీ?”

“గందుకే కాళ్ళున్నయక్కా, సూడు.”

మీట నొక్కగానే నాలుగు మూలల నుంచి నాలుగు కాళ్ళు సాలీడు కాళ్ళలా విచ్చుకున్నాయి. అవి నేలకు ఆనకముందే అతను గడ్డపారతో గచ్చును తట్టుకుంటూ పోయాడు. ఒకచోట ఆగాడు.

“గీడ కింద ఏమున్నది?”

“ఏముంటది, గచ్చే. నేను పుట్టినకాడికెల్లి సూస్తున్న” అన్నాడు మామ.

అత్త వంటింట్లోంచి వచ్చింది. “పాత బాయి ఉండెనట కొడుకా. బండలు పరిచి మూసిండ్రట. మా అత్త చెప్పింది.”

“నాకెన్నడు చెప్పలే అమ్మ” అన్నాడు మామ.

“నువ్వెన్నడన్న అడిగినవా?”

నేను మెల్లగా ఆ బావి మీంచి పక్కకు జరిగాను. చిన్నప్పుడు సెలవుల్లో తొక్కుడుబిళ్ళ ఆడింది అక్కడే.

క్రేన్‌ను దూరంగా జరిపి గొలుసులు తగిలించారు. మగ్గం నేల నుంచి జానెడు లేచిందో లేదో, రిమోట్ కీచుమంటూ ఎర్రదీపం వెలిగించింది. అతను వెంటనే దించేశాడు.

“దూరమైందక్కా. బిందె సంకల పెట్టుకుంటె మోస్తం, చెయ్యి చాపి పట్టుకుంటె మోస్తమా? గట్లనే ఇది. గా మూలకు పోతె పనైతది, గని పందిరి అడ్డమున్నది.”

అది అత్త మల్లె పందిరి. మామ ఆమె వైపు చూశాడు. అత్త లోపలికి వెళ్ళి కొడవలి తెచ్చింది. మొదలు వదిలి, తీగంతా తానే కోసింది. మొగ్గల్ని కొంగులోకి దులుపుకుంది. కర్రలు మామ పీకేశాడు.

రెండోసారి మగ్గం లేచింది. ఈసారి రిమోట్ అరవలేదు. అంత ఇనుము మా తలల ఎత్తున నెమ్మదిగా పక్కకు తిరిగింది. మామ చెయ్యి చాచి దానివెంటే నడవబోయాడు.

“బాపూ, దాని కిందికి రావద్దు” అన్నాడతను. మామ ఆగిపోయి నలిగిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

మగ్గం షెడ్డులో చప్పుడు లేకుండా కూర్చుంది. మామ మెట్లెక్కి వెళ్ళి దాన్ని నాలుగు వైపులా తడిమాడు. అత్త పెట్టిన చాయ్ చల్లారిపోయేదాకా కిందికి దిగలేదు.

అతను గొలుసులు సర్దుతుంటే అత్త దగ్గరికి పోయింది.

“ఒక్కసారి నేను నొక్కచ్చా కొడుకా?”

అతను చుట్టూ ఒకసారి చూశాడు. మా అందరినీ దూరంగా నిలబెట్టి, రిమోట్‌ను ఆమె మెడలో వేసి ఒక మీట చూపించాడు. ఖాళీ కొక్కెం కదిలింది. అత్త తల ఎత్తి, నోరు కొద్దిగా తెరిచి, దాన్నే చూస్తూ షెడ్డు కప్పు దాకా లేపింది.

“పైన కరెంటు తీగలున్నయమ్మా, గంత చాలు” అన్నాడతను.

అత్త ఆపింది. కిందికి దించింది. చెయ్యి తియ్యకుండా, మళ్ళీ పైకి లేపింది.