కలెక్టరు గారి పాలపన్ను

మా బావగారు పోయారు. పొద్దున్నే మా మేనకోడలు చిట్టి ఫోన్ చేసి, "మావయ్యా, నాన్నగారు లేరు. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి గోడకి చేరబడ్డేరు, అంతే" అంది. అప్పుడు నేను అంబాజీపేటలో కొబ్బరికాయల లారీ దగ్గర ఉన్నాను. పక్కనున్న వాళ్ళకి చెపితే ముగ్గురు నవ్వారు. "ఈసారి బావగారి మీద పడ్డారేంటండీ?" అన్నాడొకాయన. వాళ్ళననటానికి లేదు. బతికున్నవాళ్ళు పోయారని, పెళ్ళికానివాళ్ళకి కవలలు పుట్టారని చెప్పుకు తిరిగిన నోరు నాది. నేను లారీ చక్రం పక్కన కూలబడితే గాని నమ్మలేదు.

మీలో చాలామంది ఆయన్ని ఎరగరు. పలివెల దగ్గర చిన్న ఊళ్ళో వరి, కొబ్బరి పండించుకునే రైతు. మా అక్క మొగుడు. నాకంటే బాగా పెద్దవారై ఉండి కూడా నన్ను 'మీరు' అనేవారు. తిట్టేటప్పుడు కూడా అంతే. "మీరు ఒట్టి వెధవలండీ బావగారూ" అనేవారు, పంతులుగారికి తాంబూలం ఇచ్చినంత వినయంగా. తండ్రి ముందు మాత్రం ఆయన నోట 'ఆయ్' తప్ప మాట వచ్చేది కాదు. అవునన్నా ఆయ్, కాదన్నా ఆయ్, కడుపు మండినా ఆయే. ఏ ఆయ్‌కి ఏ అర్థమో మా అక్క ఒక్కదానికే తెలిసేది.

ఆ తండ్రిని ఊరంతా పెద్దాయన అనేవారు. తొంభైల చివర్లో వాళ్ళింట్లో ఒంగోలు ఆవొకటి ఈనిన వారానికే చచ్చిపోయింది. మిగిలిన కోడెదూడని చిట్టి పెంచింది. సీసాతో పాలు పట్టి, బడి నుంచి రాగానే ముందు దాని మూతి తుడిచి, ఆ తర్వాత తన మొహం కడుక్కునేది. పెరిగేకొద్దీ ఆ గిత్తకి మూపురంతో పాటు పొగరూ వచ్చింది. ఎవరివైపూ చూడకుండా, దారిలో జనమే తప్పుకోవాలన్నట్టు తలెత్తి నడిచేది. అందుకని నేను 'కలెక్టరు గారు' అని పేరు పెట్టాను. ఊళ్ళో అదే స్థిరపడిపోయింది. "కలెక్టరు గారు పేడ వేసేరండీ, కాస్త చూసి నడవండి" అని బావగారు కూడా అనేవారు, నవ్వకుండా.

చిట్టికి పదమూడో ఏడు నడుస్తున్నప్పుడు పెద్దాయన అరుగు మీంచి ఒక మాటన్నారు. "దుక్కికి ట్రాక్టరొచ్చేక మగపశువు ఎందుకురా? సంతకి తోలెయ్."

చిట్టి చేతిలో గడ్డి అలాగే ఉండిపోయింది. బావగారు ఆయ్ దాటి మొదటిసారి ఒక పూర్తి వాక్యం పలికారు. "పశువుల ప్రదర్శనకి తీసికెళ్దావండి. బహుమతొస్తే ఆబోతుగా ఉంచుకోవచ్చండి, ఊళ్ళో ఆవులకి పనికొస్తాడు."

"మొదటిదొస్తే ఉంచు. రెండోది, మూడోది అని నా దగ్గరకి రాకు."

"ఆయ్" అన్నారు బావగారు.

ప్రదర్శనలో గిత్తల్ని పళ్ళు చూసి విడగొడతారు. పాలపళ్ళున్న పసివాళ్ళది ఒక వరస. అవి రాలి రెండు పెద్ద పళ్ళు వచ్చినవాటిది ఇంకో వరస. పాలపళ్ళ వరసలో మా కలెక్టరు గారికి చుట్టుపక్కల సాటి లేదు. రెండు పళ్ళ వరసలో పడితే మాత్రం ఏనుగుల మధ్య మేకపిల్లే. ఒక్క పాలపన్ను రాలినా అందులోకి తోసేస్తారని ఊరంతా అనేది.

ఇక మొదలైంది మేపుడు. ఉడకబెట్టిన ఉలవలు, తవుడు, నేను అంబాజీపేట నుంచి మోసుకొచ్చే, నూనె తీసిన కొబ్బరి చెక్క, కాలువగట్టు మీది పచ్చగడ్డి. ఏది కలిపినా బావగారు ముందు ఒక చిటికెడు తన నోట్లో వేసుకుని చూసేవారు. "మీరూ తింటారేంటండీ, కొమ్ములొస్తాయి" అంటే, "నా నాలిక్కి పులిసింది వాడికి మాత్రం పులవదాండీ?" అనేవారు. పొద్దున్నే తండ్రీ కూతుళ్ళు దాన్ని గట్టు మీద నడిపించి, కాలువలో కడిగి తెచ్చేవారు. ఒళ్ళు నిగనిగలాడేది. గంగడోలు నేలని తాకుతుందా అన్నట్టు ఊగేది.

ప్రదర్శన నెల్లాళ్ళుందనగా ఒక మధ్యాహ్నం నేను గిత్తకి కొబ్బరిముక్క పెట్టాను. కొరకబోయి వదిలేసింది. మళ్ళీ పెడితే మూతి తిప్పుకుంది. నోరు తెరిచి వేలుపెట్టి చూశాను. ముందుపన్ను ఒకటి కదులుతోంది.

"బావగారూ, పన్ను ఊగుతోందండీ!"

ఆయన తవుడు కలుపుతూనే ఉన్నారు. "నిన్న మీ అక్కని పామని తాటిమట్ట చూపించి గెంతించేరు. మొన్న నాకు కొబ్బరిచెట్టు పడిపోయిందని చెప్పేరు. ఇవాళ పన్నా అండీ?"

"మా అమ్మ మీద ఒట్టండీ!"

"మీ అమ్మగారి మీద మీరు వేసిన ఒట్లకి ఆవిడ ఇంకా ఉన్నారంటే గట్టి మనిషండీ."

నేను ఎంత మొత్తుకున్నా తల ఎత్తలేదు. చివరికి చిట్టే వెళ్ళి గిత్త నోట్లో చెయ్యి పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. "నాన్నగారూ, నిజంగానే కదుల్తోందండీ" అంది. ఆ గొంతు విన్నాక ఆయన తవుడు చేతులతోనే లేచి, తనూ చూసి, కుడితిగాబు అంచుమీద కూర్చుండిపోయారు.

నా బుర్ర ఊరుకుంటుందా? "సైకిలు ట్యూబులకి అంటించే సొల్యూషన్ ఉందండీ. రెండు చుక్కలు వేస్తే..."

"మీరు ఒట్టి వెధవలండీ బావగారూ" అన్నారు. తవుడు చేతులు దులుపుకుని, "రాలితే రాలిందని చెపుదాం. రాలకపోతే రాలలేదని చెపుదాం. రాల్చకుండా చూసుకోటం వరకే మన పని" అన్నారు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో గట్టిగా తగిలేది ఏదీ గిత్త నోటికి వెళ్ళలేదు. కొబ్బరి చెక్క ఆగిపోయింది. గడ్డి సన్నగా తరిగారు. ఉడికిన ఉలవలు మా అక్క రుబ్బురోట్లో మెత్తగా రుబ్బేది. "మొగుడికి ఇడ్లీపిండి లేదుగాని కలెక్టరు గారికి పచ్చడి నూరుతున్నానురా" అని నన్ను తిట్టేది, పన్ను నేనే ఊపినట్టు. కాలుజారి మూతి కొట్టుకుంటుందేమోనని గట్టు మీద నడక కూడా మానిపించారు. ముకుతాడు పట్టుకుంటే పట్టుదారం పట్టుకున్నట్టే.

రోజూ పొద్దున్న బావగారు గిత్త నోరు తెరిచి చూస్తుంటే, మేం గుమ్మంలోంచి ఆయన వీపుని చూసేవాళ్ళం. చూశాక చెయ్యి వెంటనే కడుక్కుంటే పన్ను ఉన్నట్టు. ఆలస్యం చేస్తే మా అక్క పొత్రం అక్కడే ఆగిపోయేది. చిట్టి అన్నం ముందు కూర్చుని కెలుకుతుండేది. "తిను తల్లీ" అంటే, "వాడూ తినట్లేదు మావయ్యా" అనేది.

నిజంగానే అది తినటం తగ్గించింది. నమలటానికి ఏమీ లేని ఆ గుజ్జు దానికి రుచించలేదు. గాబులో సగం మిగిల్చేది. ప్రదర్శన దగ్గరపడేసరికి పక్కటెముకలు నీడల్లా కనపడటం మొదలెట్టాయి. గట్టిమేత పెడితే పన్ను పోతుంది, పెట్టకపోతే కండ పోతుంది. ఒకరోజు బావగారు గుప్పెడు రుబ్బని ఉలవలు తీసి గిత్త మూతి దాకా తీసుకెళ్ళారు. అది ఆశగా నాలిక చాపింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కుని, ఆ ఉలవలు తన పంచెలోనే పోసుకున్నారు.

అరుగు మీంచి పెద్దాయన అన్నీ చూస్తున్నారు. "చిక్కిందేంరా?" అన్నారు.

"ఆయ్" అన్నారు బావగారు. ఆ ఆయ్‌కి అర్థం ఆ రోజు నాకూ తెలిసింది.

ప్రదర్శన రోజు నేను ఖాళీ లారీ మాట్లాడాను. అడుగున మందంగా గడ్డి పరిచాం. ప్రదర్శన జరిగే కొత్తపేట దాకా చిట్టి గిత్త గడ్డం కింద భుజం పెట్టి నిలబడింది, గతుకుల్లో తల అదరకుండా. డ్రైవరు, "పెళ్ళికూతురిని తీసికెళ్తున్నామాండీ?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నేను కూడా.

మైదానంలో పాలపళ్ళ వరస కట్టారు. మా పక్కన రాయవరం వైపు నుంచి వచ్చిన గిత్త, బస్తాలా కండపట్టి ఉంది. పళ్ళు చూసే పశువుల డాక్టరుగారు ఒక్కొక్క నోరూ తెరుస్తూ మావైపు వస్తున్నారు. ఎండ మండుతోందని చిట్టి గిత్త మూతికి నీళ్ళు రాసింది. రాసిన చెయ్యి అలాగే పిడికిలి బిగించింది.

"నాన్నగారూ." పిడికిలి కొంచెం తెరిచింది. అరచేతిలో పన్ను.

డాక్టరుగారు ఇంకా నాలుగు గిత్తల అవతల ఉన్నారు. నేను చిట్టి పిడికిలి మూసేసి, "పక్కపళ్ళు కప్పేస్తాయండీ బావగారూ, ఆయన పైపైన చూస్తున్నాడు, నోరు మెదపకండి" అన్నాను గుసగుసగా. బావగారు నన్ను ఈసారి వెధవ అని కూడా అనలేదు. చిట్టి వైపు చూశారు. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, ముకుతాడు నా చేతిలో పెట్టి, తండ్రి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ అందరూ చూస్తుండగా వరస దాటి వెళ్ళారు.

"అయ్యా, మా గిత్త పాలపన్ను ఇప్పుడే రాలిందండి. మేం ఈ వరసలో ఉండకూడదేమోనండి."

డాక్టరుగారు వచ్చి నోరు తెరిచారు. చిగురు మీద వేలితో నొక్కి చూశారు. "ఎవరు చెప్పేరండీ ఉండకూడదని? పాలపన్ను రాలటం లెక్కకాదు. కొత్తపన్ను పైకొస్తేనే రెండు పళ్ళ కింద లెక్క. దీనికింకా మొలకే లేదు. వరసలోనే ఉండండి."

నేను ఎగిరి గంతేశాను. మాలో ఒక్కరికీ తెలీదు ఈ సంగతి. పన్ను రాలితే అంతే అని ఊరంతా అంటుంటే, అదే నమ్మి నెల్లాళ్ళు ఊపిరి బిగబట్టాం. ఇంక మొదటి బహుమతి మాదే అనుకున్నాను. డాక్టరుగారు గిత్త వెన్ను మీద చెయ్యి వేసి, నెమ్మదిగా పక్కటెముకల మీదకి దింపారు. అక్కడ ఆగారు.

"ఎముక బావుంది, నిలబడటం బావుంది. మేతే చాల్లేదు. ఈమధ్య ఏం పెట్టేరండీ?"

"మెత్తటిదండి."

"మెత్తటిదేంటండీ, ఈ వయసు గిత్తకి?"

"పన్ను రాలిపోద్దని భయపడ్డావండి."

ఆయన నవ్వలేదు. బావగారి మొహంలోకి, చిట్టి పిడికిలిలోకి ఒకసారి చూసి, రాయవరం గిత్త దగ్గరకి వెళ్ళిపోయారు. మొదటిది దానికి. రెండోది మాకు.

తిరుగుదారిలో లారీలో చిట్టి గిత్త మెడ మీద తలపెట్టుకుని ఉంది. పెద్దాయన మాటంటే ఆ ఇంట్లో రాతిమీద గీతే. సొంత కూతురి పెళ్ళికే ఏదో మాటొచ్చి వెళ్ళనన్నారు, వెళ్ళలేదు కూడా. లారీ దిగేసరికి ఆయన అరుగు మీదే ఉన్నారు.

"మొదటిదేనా?"

"కాదండి, రెండోదండి" అన్నారు బావగారు. తలొంచుకోలేదు. "దూడ తప్పు కాదండి. భయపడి మేపేను. సంతకి తోలాలంటే నన్ను తోలండి."

పెద్దాయన గిత్తనీ, కొడుకునీ మార్చి మార్చి చూస్తున్నారు. అప్పుడు బావగారు చేసిన పని నేను చచ్చేదాకా మర్చిపోను. చిట్టి వైపు తిరిగి, ఏమీ జరగనట్టు, "అమ్మా, గుప్పెడు పేడ తే" అన్నారు.

మన ఇళ్ళల్లో పిల్లల పాలపన్ను ఊడితే పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదకి విసురుతాం. కొత్తపన్ను వంకర లేకుండా రావాలని. ఇంట్లో పిల్లలకే చేస్తాం. అమ్మేసే పశువుకి ఎవరూ చెయ్యరు. చిట్టి పరుగున తెచ్చిన పేడలో పన్ను నొక్కి, ఆ ముద్ద కూతురి చేతికే ఇచ్చి, తండ్రి కళ్ళ ఎదుటే, "గట్టిగా విసురమ్మా" అన్నారు. చిట్టి ఒళ్ళంతా ఊపి విసిరింది. ముద్ద వెళ్ళి పెంకుల మీద ధభీమని పడింది. ఒక పెంకు కాస్త పక్కకి జరిగింది.

నేను బతుకంతా చేసిన అల్లరి ఒక ఎత్తు, నోరెత్తని ఆ మనిషి ఆ సాయంత్రం చేసింది ఒక ఎత్తు. పెద్దాయన కప్పు వైపు తలెత్తి చాలాసేపు చూశారు. మా అక్క గుమ్మం పట్టుకుని నిలబడింది.

"జారిపోయిందా, ఉందా?" అన్నారు పెద్దాయన.

"ఉందండి" అన్నారు బావగారు.

"అయితే రేపణ్ణించి గట్టి ఉలవలు పెట్టండి. ఈ బొమికలు చూళ్ళేకుండా ఉన్నాను."

"ఆయ్."

కలెక్టరు గారు ఆ ఊళ్ళో ఆబోతుగా దర్జాగా చాలాకాలం ఏలారు. కొత్తపన్ను వంకర లేకుండానే వచ్చింది. బావగారికి ఒక మాట అలవాటైపోయింది: "భయపడి పెట్టిన మేత ఒంటికి పట్టదండీ బావగారూ." మా అబ్బాయి పదో తరగతిలో నాలాగే తప్పుతాడేమోనని గదిలో పెట్టి గొళ్ళెం వేస్తే, ఆయన వచ్చి ఆ మాట అంటూ గొళ్ళెం తీశారు. అబ్బాయి గట్టెక్కాడు. ఆ లెక్కన నేను ఆయనకి చాలా రుణపడి ఉన్నాను. చెప్పాలనుకున్నప్పుడల్లా వేళాకోళం అనుకునేవారు.

జరిగిన పెంకుని ఆయన సరిచెయ్యనివ్వలేదు. పెద్దాయన పోయాక కూడా, ఏటా పెంకు నేసేవాళ్ళు వస్తే కింద నిలబడి, "ఆ ఒక్కటీ వదిలెయ్యండి" అనేవారు. వాన పడితే ఆ మూల చుక్కలు కారేవి.

ఆయన్ని సాగనంపి వచ్చిన సాయంత్రం వాన కురిసింది. మా అక్క లేచి, ఎవరికీ ఏమీ చెప్పకుండా ఆ మూల ఇత్తడి గిన్నె పెట్టింది. చుక్క పడుతోంది, ఆగి ఇంకో చుక్క. చిట్టి కప్పు వైపు చూస్తూ కూర్చుంది. ఉండబట్టలేక, "రేపు మనిషిని పిలిచి ఆ పెంకు సర్దించనా అక్కా?" అన్నాను.

"నోరు ముయ్యరా" అంది మా అక్క. నిండిన గిన్నె తీసి, ఇంకోటి పెట్టింది.