ఎత్తు ఎవరిది?

సంజీవరావు జీవితంలో ఆడిన అబద్ధాలన్నీ పోగేస్తే గోనెసంచి నిండుతుంది. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా ముప్ఫయ్యేళ్ళు చేసినవాడు అబద్ధమాడకుండా ఎలా బతుకుతాడు చెప్పండి! "అరగంటలో వచ్చేస్తుందండీ" అని ఎన్ని వీధులకు చెప్పాడో ఆయనకే తెలియదు. వాటిలో ఏదీ ఆయన వెంట పడలేదు. వెంటపడింది రెండక్షరాల మాట ఒక్కటే. "నాదే."

ఆ మాట పుట్టింది బెజవాడ మాచవరంలో, వెంకటసుబ్బారావు ఇంటి వరండాలో. కాలువల శాఖలో గుమాస్తాగా చేసి రిటైరైన వెంకటసుబ్బారావు, సంజీవరావు ప్రాణస్నేహితులు. ఒకరిది చల్లపల్లి దగ్గర వ్యవసాయ కుటుంబం, ఇంకొకరిది గుణదల క్రైస్తవ కుటుంబం. కలిపింది చదరంగం. రోజూ నాలుగింటికి బల్ల పరిచేవాళ్ళు. పది ఆటల్లో ఎనిమిది వెంకటసుబ్బారావువే. గెలిచాక ఊరుకుంటాడా? "స్తంభాలెక్కడం కాదురా, బుర్రకెక్కాలి" అని ఏడిపించేవాడు.

మూడేళ్ళ కిందట ఒకరోజు సంజీవరావు మంత్రిని ముందుకు తోశాడు. మరొక్క ఎత్తు తనకే దొరికితే ఆటకట్టు. అవతలివాడు శకటును అడ్డం పెడితే మాత్రం అంతా బూడిదలో పోసిన పన్నీరే. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర గ్యాసు బండివాడు కేకేశాడు. వెంకటసుబ్బారావు లేచి వెళ్ళి, సిలిండరు దింపించుకుని, చెమట తుడుచుకుంటూ తిరిగొచ్చాడు.

"ఎత్తు ఎవరిదిరా?" అన్నాడు కూర్చుంటూ.

"నాదే" అన్నాడు సంజీవరావు. మంత్రిని మళ్ళీ జరిపి, ఆటకట్టు అన్నాడు.

వెంకటసుబ్బారావు చాలాసేపు బల్లవంక చూశాడు. "నేనేం ఆడానురా ఇందాక? ఆడినట్టే గుర్తులేదే!" అన్నాడు. అప్పుడైనా నవ్వేసి నిజం చెప్పొచ్చు కదా! చెప్పలేదు. గెలిచిన రుచి నాలుక మీద ఇంకా తియ్యగానే ఉంది. రేపు చెప్పి నవ్విద్దాంలే అనుకున్నాడు.

రేపటికి బల్ల అటకెక్కేసింది. వెంకటసుబ్బారావు తండ్రి చివరి రోజుల్లో కన్నబిడ్డల్నే గుర్తుపట్టలేదు. "మా నాన్నకీ ఇలాగే మొదలైందిరా. నలుగురిలో పరువు పోగొట్టుకోలేను" అన్నాడాయన. బ్యాంకుకు ఒంటరిగా వెళ్ళడం మానేశాడు. స్కూటరు అమ్మేశాడు. మాట తడబడుతుందేమోనని ఫోనెత్తడమూ మానేశాడు. నిక్షేపంలాంటి బుర్ర ఆయనది! మరుసటి వానాకాలంలో గుండె ఆగి పోయాడు. డాక్టర్లు షుగరన్నారు, బీపీ అన్నారు. చంపింది తానేనని సంజీవరావుకు తెలుసు.

అప్పటినుంచీ నాలుగైతే చాలు, చెక్క మీద పావు పెట్టిన చప్పుడు వినబడుతుంది ఆయనకు. టీకొట్టు దగ్గరైనా, రైతుబజారులో వంకాయలు ఏరుతున్నా, వెనక నుంచి "ఎత్తు ఎవరిదిరా?" అని పిలుపు. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. గుణదల కొండెక్కి మేరీమాత ముందు మోకరిల్లాడు. పాపసంకీర్తనంలో ఫాదరుగారికి చెప్పుకున్నాడు. "దేవుడు క్షమిస్తాడు. కానీ ఆ ఇల్లాలికి కూడా చెప్పుకో నాయనా" అన్నారాయన. చెప్పాలి, చెప్పాలి అనుకుంటూనే గడప దాటలేకపోయాడు.

ఈలోగా తన బుర్రే జారడం మొదలుపెట్టింది. స్టౌ మీద పాలు, తాళంచెవులు, చిన్నల్లుడి పేరు. పరీక్షలన్నీ చేయించాక డాక్టరు, "చదరంగం వచ్చంటున్నారుగా, ఆడండి. అది మందు కాదు, జబ్బును ఆపుతుందని నేను చెప్పను. కానీ బుర్రకు పని ఉంటుంది. ఓపిక వస్తుంది. ఎదుటి మనిషి మనసులో ఏముందో ఆలోచించడం అలవాటవుతుంది" అన్నాడు. ఆ చివరి మాట సంజీవరావుకు చెంపదెబ్బలా తగిలింది. ఎదుటి మనిషి మనసు! ముప్ఫయ్యేళ్ళు ఆడి తాను నేర్చుకున్నదేమిటి?

ఆరోజే ఆయనకు అసలు భయం పుట్టింది. చేసిన పాపం కూడా ఒకరోజు బుర్రలోంచి జారిపోతే? చెప్పుకోవలసినవాడే మర్చిపోతే ఇక ఆమెకు నిజం చెప్పేదెవరు? మరిచిపోకముందే చెప్పెయ్యాలి. వట్టి చేతులతో వెళ్ళలేక ముందు గవర్నర్‌పేటలో ఆటసామాన్ల కొట్టుకు వెళ్ళాడు.

కొట్టు యజమాని లక్ష్మీకాంత్ కుర్చీ వేశాడు. సంజీవరావు ఒక్కో సెట్టూ చేత్తో తూచి చూశాడు. పాలరాతిది చూడ్డానికి బాగుంది గానీ, ఒకసారి కిందపడితే గుర్రం చెవి ఊడుతుంది. అయస్కాంతాలది రైల్లో ఆడుకునేవాళ్ళకు. నున్నగా మెరిసేది వద్దు, ట్యూబులైటు పడి ముసలికళ్ళు చెదురుతాయి. తేలిక చెక్కదీ వద్దు, ఫ్యాను గాలికే బంట్లు పడతాయి. అడుగున బరువుండాలి, కింద మెత్తటి గుడ్డ అతికించి ఉండాలి. రాజును గడిలో పెడితే చుట్టూ కాస్త చోటు మిగలాలి, లేకపోతే పావులు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. అన్నీ చూసి రంగు మెరవని టేకుసెట్టు ఒకటి తీశాడు.

"అదే మంచిదండీ సంజీవరావుగారూ" అన్నాడు లక్ష్మీకాంత్ మెల్లగా.

పేరు ఎలా తెలిసిందబ్బా అనుకున్నాడు. బెజవాడలో పాత లైన్‌మన్ని ఎరగనివాళ్ళెవరులే అని సర్దిచెప్పుకుని ఆటో ఎక్కాడు.

వెంకటసుబ్బారావు భార్య పద్మావతమ్మ గేటు తీసింది. చేతిలో పెట్టె చూసి ఒక్క క్షణం ఆగి, "రండి అన్నయ్యగారూ" అంది. ఆయన కూర్చోలేదు. వెంకటసుబ్బారావు ఫోటోవంక చూడకుండా, గ్యాసు బండి దగ్గర్నుంచి ఆటకట్టు దాకా గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు. "వాడి బుర్ర బాగానే ఉంది చెల్లెమ్మా. పాడైందని నమ్మించింది నేను."

ఆమె ఆశ్చర్యపోలేదు, ఏడవలేదు. లోపలికి వెళ్ళి బీరువా తలుపు తెరిచింది. లోపల రెండు పెట్టెలున్నాయి. అదే కొట్టు, అదే టేకుసెట్టు.

"మీరిది చెప్పడం మూడోసారి అన్నయ్యగారూ."

సంజీవరావు కుర్చీ పట్టుకుని కూర్చున్నాడు. "మొదటిసారి... ఏమన్నావు చెల్లెమ్మా?"

"నోటికొచ్చినట్టు తిట్టాను. మళ్ళీ మా గడప తొక్కొద్దన్నాను. తలొంచుకుని వెళ్ళారు. నెల తిరగకుండానే పెట్టె పట్టుకుని, బాగున్నావా చెల్లెమ్మా అంటూ వచ్చారు."

"రెండోసారి?"

"పోనీలెండి అన్నాను. పోయినాయన రారు కదా! మీరు చిన్నపిల్లాడిలా ఏడ్చి, కాఫీ తాగి వెళ్ళారు."

తిట్లూ మిగల్లేదు, క్షమాపణా మిగల్లేదు. చేసిన పాపం ఒక్కటే చెక్కుచెదరకుండా ఉంది. ఎంత ఘోరమిది ప్రభువా అనుకున్నాడు. "ఇప్పుడేమంటావమ్మా?"

"ఏమన్నా మీకు గుర్తుండదు, నాకే ఉంటుంది" అందామె. "మీరు చెప్పిన ప్రతిసారీ ఆయన మళ్ళీ ఆ కుర్చీలోంచి లేచి, నా బుర్ర పోతోంది పద్మా అన్నట్టుంటుంది నాకు. ఆడుకోడానికి రండి అన్నయ్యగారూ. ముప్ఫయ్యేళ్ళు మీకు కాఫీలిస్తూ నేనూ ఆట నేర్చాను. చెప్పడానికి మాత్రం రాకండి."

"సరే చెల్లెమ్మా. ఒట్టు" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

కొత్త పావులు పేర్చి ఆడారు. ఆమె ఏనుగుల్ని భలే తిప్పింది. రెండాటలు ఆమె గెలిచింది, మూడోది ఆయన. ఎండ వాలాక, కడుపునిండా కాఫీతో, తేలికైన మనసుతో ఆయన చెప్పులు వేసుకున్నాడు. గేటు దగ్గర ఆగాడు. మొహంలో నవ్వు పోయింది.

"చెల్లెమ్మా, చాన్నాళ్ళుగా నీకొక మాట చెప్పాలనుకుంటున్నాను. వాడి గురించి."

పద్మావతమ్మ గేటు ఊచలు పట్టుకుని నిలబడింది.

"చెప్పండి అన్నయ్యగారూ" అంది.